బిడ్డకు తారీఖు చెప్పాలి

మన బస్తీలో ఆలుమగలు విడిపోతే ఆ సంగతి తెల్లారేసరికి నల్లా కాడికి చేరుతది. తప్పు ఎవరిది, బంగారం ఎవరు తీసుకపోయిన్రు, పంచాయతీ ఎప్పుడు కూర్చుంటది, అన్నీ అందరికీ తెలుస్తయి. ఆ ఇంట్లో ఉన్న ఏడేండ్ల పోరికి మాత్రం ఎవ్వరూ ఏమీ చెప్పరు. 'చిన్నపిల్ల, దానికేం తెలుస్తది' అంటరు. ఆ చిన్నపిల్ల రాత్రి పడుకొని ఏం ఆలోచిస్తదో, అక్కలారా, అన్నలారా, ఈ నెల దాని గురించి రాస్తున్న.

నేను హింగన్‌ఘాట్‌లో ఒక బట్టల మిల్లులో, వైండింగ్ ఖాతాలో 22 ఏండ్లు పనిచేసిన. చదువు నాలుగో తరగతి దాకే. పని విడిచినంక బాబుపేట్‌లోనే ఉంటున్న. ఇప్పుడు నాకు 63 ఏండ్లు. నా బిడ్డ, అల్లుడు తొమ్మిదేండ్ల కింద విడిపోయిన్రు. అప్పుడు మనవరాలికి 8 ఏండ్లు, మనవడికి 4. ఇద్దరూ నా చేతుల మీదనే పెరిగిన్రు. ఆ తర్వాత బస్తీలో ఇసుంటి పంచాయతీ ఏది జరిగినా ఆడోళ్ళు నన్ను తోడు పిలుస్తరు. సముపదేశన్ కేంద్రానికి, కోర్టుకు కూడా పోయి కూర్చున్న. అక్కడ విన్నది, ఇంట్లో చూసింది కలిపి చెప్తున్న.

మనకు ఎడబాటు కొత్త కాదు

మిల్లు పని చేసినోళ్ళ ఇండ్లల్ల తల్లి ఒక తాన, తండ్రి ఒక తాన ఉండుడు ఎప్పటినుంచో ఉన్నదే. కరీంనగర్, ఆదిలాబాద్, వరంగల్ దిక్కు నుంచి మనోళ్ళు ముంబై, భివండి, సోలాపూర్, సూరత్ పోయిన్రు. పెండ్లాం పిల్లలు ఊర్లో, మగడు మిల్లు చాలుల. 1982 జనవరి 18న ముంబై బట్టల మిల్లుల సమ్మె మొదలైంది. డాక్టర్ దత్తా సామంత్ నాయకుడు. రెండున్నర లక్షల దాకా కార్మికులు పని బంద్ పెట్టిన్రు. అప్పుడు ఎన్ని ఇండ్లు రెండు ముక్కలైనయో ఆ కాలపోళ్ళకు తెలుసు. పిల్లలను అమ్మమ్మ దగ్గరికి, నాయినమ్మ దగ్గరికి పంపి, ఉన్నోళ్ళు ఉన్నకాడ ఏదో ఒక పని చేసుకున్నరు.

అట్ల పెరిగిన పిల్లలందరూ చెడిపోయిన్రా? లేదు. నాతో పనిచేసిన వాళ్ళల్లనే తండ్రిని ఏడాదికి రెండుసార్లు చూసి పెరిగినోళ్ళు చాలామంది ఉన్నరు. వాళ్ళు ఒకటే చెప్పేటోళ్ళు: బాపు దసరాకు వస్తడని తెలుసు, వేసవిలో వస్తడని తెలుసు. నెలనెలా మనియార్డర్ వస్తది, దాని కింద చిన్న జాగల రెండు మాటలు రాసి ఉంటయి. పోస్ట్‌మన్ సైకిల్ ఆగితే ఇంట్ల పండుగే.

దూరంగా ఉన్నా ఆ పిల్లలు తట్టుకున్నరు, ఎందుకంటే వాళ్ళ చేతుల ఒక తారీఖు ఉండేది. ఇప్పుడు విడిపోయిన ఇండ్లల్ల తండ్రి పక్క వార్డులోనే ఉంటడు. కాలినడకన పావుగంట. అయినా పిల్ల కుంగిపోతది. బాపు ఎప్పుడు వస్తడో, అసలు వస్తడో రాడో, అమ్మ కూడా పోతదేమో, రేపు ఏ ఇంట్ల పడుకుంటదో ఏదీ తెలవదు. నేను చూసినంతల పిల్లలను తినేసేది ఆ తెలవకపోవుడే.

పంచాయతీ కాయితంల పిల్లలు ఎక్కడ?

మన కుల పంచాయతీల ఇడుపు కాయితాలు నేను చానా చూసిన. బంగారం ఎన్ని తులాలు, ఇత్తడి బిందెలు ఎన్ని, మంచం, బీరువా, కుట్టు మిషన్, కట్నం పైసలు ఎంత వాపసు, అన్నీ లెక్కగా రాస్తరు. ఒక గంగాళం కోసం రెండు గంటలు కొట్లాడింది కూడా చూసిన. చివరికి పిల్లల గురించి ఒకటే ముక్క: 'పిల్లలు తల్లి దగ్గర ఉంటరు.' అంతే. తండ్రిని ఎప్పుడు కలుస్తరు, ఫీజు ఎవరు కడతరు, జ్వరమొస్తే ఎవరికి కబురు చెప్పాలి, పండుగ ఎవరింట్ల, ఒక్క ముక్క ఉండదు. ఆ రాయని ముక్కలన్నీ తర్వాత కొట్లాటలైతయి. నడుమ నలిగేది పిల్లలు.

ఇంకోటి కూడా తెలుసుకోవాలె. 1955 హిందూ వివాహ చట్టంల 29వ సెక్షన్ కులాచారం ప్రకారం తీసుకున్న విడాకులను ఒప్పుకుంటది. కానీ అసుంటి ఆచారం నిజంగా ఉన్నదని కోర్టుల రుజువు చేయాలె. అందుకే కాయితం రాసుకున్నంక కోర్టుకు కూడా పోవుడు మంచిది. ఇద్దరూ ఒప్పుకుంటే ఏడాది విడిగా ఉన్నంక కలిసి దరఖాస్తు పెట్టొచ్చు. పిల్లల మీద మాత్రం పంచాయతీ మాట ఆఖరు మాట కాదు. పిల్ల మేలు ఎందుల ఉన్నదో అదే అన్నిటికన్నా ముందు అని 1956 నాటి హిందూ మైనారిటీ, గార్డియన్‌షిప్ చట్టం 13వ సెక్షన్ చెప్తది. ఐదేండ్లు నిండని బిడ్డ మామూలుగా తల్లి దగ్గరే ఉండాలని అదే చట్టం 6వ సెక్షన్ల ఉన్నది. 'నాకేం వద్దు, నన్ను ఇడిసిపెడితే చాలు' అని తల్లి సంతకం పెట్టినా పిల్లలకు తండ్రి పెట్టాల్సిన తిండి, చదువు ఖర్చు కొట్టుకపోదు. అది పిల్లల హక్కు.

ఏ వయసు పిల్లలు ఏమనుకుంటరు

మూడు నాలుగేండ్ల పిల్లలకు విడాకులు అంటే తెలవదు. ఒకరు పోయిన్రు కాబట్టి రెండోవాళ్ళు కూడా పోతరని భయం. నా మనవడు అప్పటిదాకా మంచిగున్నోడు మళ్ళీ పక్క తడుపుడు మొదలుపెట్టిండు. నేను బజారుకు పోతనంటే నా చెప్పులు దాచేటోడు. ఆ వయసోళ్ళను కొడితే, సిగ్గు తీస్తే ఇంకా ఎక్కువైతది. పోయేటప్పుడు చెప్పి పోవాలె, చెప్పిన యాళ్ళకు వాపసు రావాలె. 'వంట అయ్యే లోపల వస్త' అంటే వచ్చుడే. నెల రోజులు అట్ల చేసినంక చెప్పులు గడప కాడనే ఉన్నయి.

ఆరు నుంచి తొమ్మిదేండ్ల పిల్లలు తప్పు తమదే అనుకుంటరు. మనవరాలు ఒకనాడు నన్ను అడిగింది, 'అమ్మమ్మా, నాకు లెక్కలల్ల తక్కువ మార్కులు వచ్చినయని బాపు కొట్లాడిండు కదా, అందుకే పోయిండా?' అని. ఆ మాట ఎన్ని రోజుల సంది మనసుల పెట్టుకున్నదో. ఈ వయసోళ్ళకు ఊకె కడుపునొప్పి, తలనొప్పి వస్తది. అన్నీ సాకులే అనుకోవద్దు. డాక్టరుకు చూపెట్టాలె, పక్కన కూర్చొని అడగాలె. తమకు జ్వరమొస్తే అమ్మా బాపు ఇద్దరూ దవాఖానకు వస్తరు, మళ్ళీ కలుస్తరు అని ఆశపడే పిల్లలు కూడా ఉంటరు.

పది పదమూడేండ్ల పిల్లలు ఒకరి పక్షం పడతరు. కోపం ఎక్కువ. ఎవరి దగ్గర ఉన్నరో వాళ్ళ మీదనే ఆ కోపం తీస్తరు, ఎందుకంటే వాళ్ళు వదిలిపోరని నమ్మకం. తల్లులు ఇది గుర్తుపెట్టుకోవాలె. ఆ పైబడ్డ పిల్లలు ఊరకుంటరు. మగపిల్లగాడు చదువు మాని పనికి పోతనంటడు, ఆడపిల్ల తల్లికి తల్లి అయితది. 'మా పిల్ల ఎంత బుద్ధిమంతురాలో' అని మనం మురుస్తం. ఆ పిల్లకు కూడా ఆడుకునే వయసే అని యాది పెట్టుకోవాలె.

ఏం చెప్పాలి, ఎట్ల చెప్పాలి

చేతనైతే తల్లి, తండ్రి ఇద్దరూ కలిసి కూర్చొని చెప్పాలె. అట్ల కుదరకపోతే ఒకరు చెప్పినా సరే, రెండోవాళ్ళను తిట్టకుండ చెప్పాలె. పెద్ద కథ అక్కరలేదు. నాలుగు మాటలు చాలు.

'నేను, బాపు ఇగ ఒక ఇంట్ల ఉండం.'

'ఇది పెద్దోళ్ళ సంగతి. నీ వల్ల కాలేదు. నువ్వు ఏం చేసినా ఇది ఆగేది కాదు.'

'నేను నీ అమ్మనే, ఆయన నీ బాపే. అది ఎప్పటికీ మారదు.'

'నువ్వు ఇక్కడనే పడుకుంటవు, ఇదే బడికి పోతవు. బాపు ఆదివారం పది గంటలకు వస్తడు.'

పిల్ల ఎక్కువగా పట్టుకునేది ఈ ఆఖరు మాటనే. ఇది ఒక్కసారి చెప్తే ఒడువదు. పిల్లలు అదే ప్రశ్న పదిసార్లు అడుగుతరు. పదిసార్లూ అదే జవాబు చెప్పాలె. జవాబు మారలేదని చూసుకునేందుకే వాళ్ళు అడుగుతరు.

'మీ బాపు ఊరికి పోయిండు, పైసలు సంపాదించి వస్తడు' అని అబద్ధం చెప్పుడు మన దగ్గర అలవాటు. నాలుగు రోజులల్ల బడిల ఇంకో పోరగాడు నిజం చెప్తడు. అప్పుడు బాపు పోయింది ఒక దెబ్బ, అమ్మ అబద్ధం చెప్పింది రెండో దెబ్బ.

పాళీ చూసి తారీఖు పెట్టాలి

'వారం వారం కలవాలి' అని రాసుడు సులువు. మన మగోళ్ళు బొగ్గు గనులల్ల, థర్మల్ కేంద్రంల, బల్లార్పూర్ కాగితం మిల్లుల పనిచేస్తరు. మూడు పాళీలు. రాత్రి పాళీ దిగి వచ్చినోడు పొద్దున పిల్లలను తీసుకపోతే ఆయన గురక పెడతడు, పిల్లలు గోడలు చూస్తరు. సెలవు రోజు కూడా అందరికీ ఆదివారం ఉండదు.

మేము ఏం చేసినమంటే, నెల మొదట్ల అల్లుడి పాళీ తెలిసినంక గోడ మీది కాలనిర్ణయ్ క్యాలెండర్ల ఆయన వచ్చే రోజులకు ఎర్ర పెన్నుతోటి సున్న చుట్టేది. మనవరాలు తన చేతితోనే చుట్టేది. మనవడికి చదువు రాదు, అయినా ఎర్ర సున్నకు ఇంకా ఎన్ని గడులు ఉన్నయో వేలుతోటి లెక్కపెట్టేటోడు. మొదటి పాళీ ఉన్న వారంల రెండు సాయంత్రాలు, సెలవు నాడు పూర్తి రోజు. రాత్రి పాళీ వారంల ఫోన్ మాత్రమే, డ్యూటీకి పోయే ముందు ఏడున్నరకు. పదిహేను నిమిషాలు మాట్లాడినా సరే, రోజూ అదే యాళ్ళకు.

రాలేకపోతే తండ్రి తానే పిల్లలకు ఫోన్ చేసి చెప్పాలె, ఇంకో తారీఖు ఇయ్యాలె. తల్లితోటి చెప్పియ్యొద్దు. తండ్రులకు నేను చెప్పేది ఒకటే. పిల్ల జడలు వేసుకొని, సంచి సదురుకొని గడప మీద కూర్చుంటది. మీరు రాకపోతే ఆ సంచి ఇప్పేది ఆ పిల్లనే. పది బొమ్మలు కొనియ్యకపోయినా పర్వాలేదు, చెప్పిన నాడు రావాలె.

పండుగలు కూడా ముందే పంచుకోవాలె. బతుకమ్మ, దసరా ఒకరి దగ్గర, సంక్రాంతి ఇంకొకరి దగ్గర, వచ్చే ఏడు తిప్పుకోవాలె. చైత్రంల మహాకాళి జాతరకు మన దిక్కు చుట్టాలందరూ దిగుతరు. ఆ రద్దీల, చుట్టాల ముందర, పిల్లను ఇటు గుంజుడు అటు గుంజుడు ఉండొద్దు. అది ఎవరితోటి పోతదో ముందే అనుకోవాలె.

బడి మాట

ఇది మన తెలుగోళ్ళకు ప్రత్యేకంగా ఉన్న కష్టం. మన పిల్లలు ఇక్కడ మరాఠీ బడిల చదువుతరు. ఇంట్ల తెలుగు మాట్లాడుతరు గాని తెలుగు చదవరాదు. ఇల్లు విడిపోంగనే తల్లి పిల్లలను తీసుకొని బల్లార్షా దాటి, కాగజ్‌నగర్ దిక్కో మంచిర్యాల దిక్కో పుట్టింటికి పోతది. అక్కడ నాలుగో తరగతి పిల్ల అ ఆలు రాక వెనుక బెంచీల కూర్చుంటది. తండ్రి పోయిండు, స్నేహితులు పోయిన్రు, ఇప్పుడు చదువు కూడా పోయింది. ఇక్కడ తరగతిల మొదటి పేరున్న పిల్ల అక్కడ మొద్దు అనిపించుకుంటది.

కాబట్టి కొట్టుడు, ప్రాణభయం లేకపోతే చదువు ఏడాది మధ్యల బడి మార్చొద్దు. మార్చక తప్పకపోతే వేసవి సెలవులల్ల మార్చాలె. పోయే ముందు రెండు నెలలు అక్షరాలు దిద్దించాలె. 2009 విద్యాహక్కు చట్టం 5వ సెక్షన్ ప్రకారం టీసీ అడిగితే సర్కారీ, ఎయిడెడ్ బడి హెడ్మాస్టర్ వెంటనే ఇయ్యాలె. టీసీ రాలేదన్న సాకుతోటి కొత్త బడి పిల్లను చేర్చుకోకుండ ఉండొద్దు.

నా బిడ్డను ఒక బడిల 'తండ్రి సంతకం లేనిదే కాదు' అని మూడుసార్లు తిప్పి పంపిన్రు. అదే విద్యాహక్కు చట్టంల తల్లి గాని తండ్రి గాని, ఎవరైనా 'పాలకుడు' కిందనే లెక్క. తల్లి కూడా పిల్లలకు సహజ సంరక్షకురాలే అని సుప్రీంకోర్టు 1999ల రచయిత్రి గీతా హరిహరన్ కేసుల చెప్పింది. పాస్‌పోర్ట్ దరఖాస్తుల తల్లి పేరు గాని తండ్రి పేరు గాని ఒక్కటి ఇస్తే చాలని 2016 డిసెంబర్ సంది రూల్ ఉన్నది. మన మహారాష్ట్రల 2024 మే 1 నుంచి పుట్టిన పిల్లలకు సర్కారు కాయితాలల్ల తండ్రి పేరు కన్నా ముందు తల్లి పేరు రాస్తున్నరు. ఈ మాటలు తెలిసుంటే ఆఫీసుల కిటికీ కాడ గొంతు వణకదు.

పిల్ల సంగతి క్లాస్ టీచరుకు ఒక్కరికి చెప్పి పెట్టాలె. తండ్రి పేరు నడుమ పెట్టి హాజరు పిలిచినప్పుడు పిల్ల ఎందుకు తల దించుకుంటదో ఆ టీచరుకు తెలిసుండాలె.

పిల్లలతోటి చేయించకూడని పనులు

పిల్లను టపా మోసే మనిషిని చేయొద్దు. 'మీ బాపును ఫీజు పైసలు అడుగు' అని పంపొద్దు. పైసల మాట పెద్దోళ్ళు పెద్దోళ్ళే మాట్లాడుకోవాలె.

పిల్లతోటి ఆరాలు తీయొద్దు. 'అక్కడ వంట ఎవరు చేస్తున్నరు? ఇంట్ల ఎవరన్న ఉన్నరా?' అని అడుగుతే పిల్ల అబద్ధాలు నేర్చుకుంటది. అక్కడ సంతోషంగా గడిపిన ముచ్చట కూడా ఇక్కడ చెప్పదు.

'నీకు అమ్మ ఇష్టమా, బాపు ఇష్టమా' అని ఎవ్వరూ అడగొద్దు. నవ్వులాటకు కూడా వద్దు. బుద్ధి తెలిసిన పిల్ల మాటను జడ్జి అడిగి తెలుసుకోవచ్చని 1890 నాటి గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టంల ఉన్నది. అది జడ్జి పని. ముందు రోజు రాత్రి చుట్టాలు కూర్చొని పిల్లకు పాఠం అప్పజెప్పుడు పాపం.

పైసలు ఇయ్యలేదని పిల్లను చూపియ్యకపోవుడు, పిల్లను చూపియ్యలేదని పైసలు ఆపుడు రెండూ తప్పే. తిండి వేరు, కలుసుడు వేరు, రెండూ పిల్లయే. తల్లిదండ్రులు విడిగా ఉన్నప్పుడు, కీడు జరగనంత వరకు, ఇద్దరితోటీ కలిసి మెలిగే హక్కు పిల్లకు ఉన్నదని ఐక్యరాజ్య సమితి 1989 ఒప్పందంల 9వ అధికరణం చెప్తది. మన దేశం 1992ల దాన్ని ఒప్పుకున్నది.

కొట్టే ఇల్లు అయితే

పైన చెప్పిన తారీఖుల మాట అన్ని ఇండ్లకూ ఒకే తీరుగ వర్తించదు. తాగి వచ్చి కొట్టే మనిషి, పిల్లల మీద చెయ్యి వేసే మనిషి ఉంటే 'తండ్రి కదా' అని పిల్లలను పంపొద్దు. 2005 గృహహింస చట్టం 21వ సెక్షన్ కింద మెజిస్ట్రేట్ పిల్లలను తాత్కాలికంగా తల్లికి అప్పజెప్పొచ్చు. కీడు ఉన్నదనుకుంటే తండ్రి కలువకుండ ఆపొచ్చు. అట్ల భయం ఉన్న కాడ కలువాల్సి వస్తే ఇంకొక మనిషి ఎదుటనే కలువాలని కోర్టును అడగొచ్చు. ఇక్కడ కూడా పిల్లకు నిజం చెప్పాలె: 'బాపు తాగుడు మాని, కొట్టుడు మానినంక కోర్టు చెప్తది. అప్పటిదాకా నిన్ను కాపాడుడు మా పని.'

సాయం ఎక్కడ దొరుకుతది

ఆడోళ్ళకు, పిల్లలకు ఎంత ఆదాయం ఉన్నా వకీలు ఫీజు లేకుండ దొరుకుతడు. 1987 లీగల్ సర్వీసెస్ చట్టం 12వ సెక్షన్ల ఆ హక్కు ఉన్నది. చంద్రపూర్ జిల్లా కోర్టుల జిల్లా విధి సేవా ప్రాధికరణ్‌ను అడగండి, లేకుంటే 15100కు ఫోన్ చేయండి.

పిల్లల ఆపదకు 1098. పిల్ల తానే కూడా చేయొచ్చు, పైసలు పడవు. ఇది 1996ల ముంబైల మొదలైంది. ఆడోళ్ళకు 181. మనసు బాగలేకపోతే, పిల్ల తినక, నిద్ర పోక ఉంటే టెలి మానస్ 14416. తెలుగుల కూడా మాట్లాడొచ్చు, మరాఠీల కూడా.

పిల్లల ఖర్చు కోసం ఇంతకుముందు 125 సెక్షన్ కేసు అనేటోళ్ళం. 2024 జూలై 1 సంది అది కొత్త చట్టం బీఎన్ఎస్ఎస్‌ల 144వ సెక్షన్. దరఖాస్తు పెట్టిన తారీఖు నుంచే పోషణ లెక్క కట్టాలని సుప్రీంకోర్టు 2020ల చెప్పింది. కాబట్టి ఆలస్యం చేసిన కొద్దీ పిల్లలకే నష్టం.

మన రాష్ట్రంల క్రాంతిజ్యోతి సావిత్రీబాయి ఫులే బాల సంగోపన్ యోజన ఉన్నది. ఒంటరి తల్లి గాని తండ్రి గాని పెంచుతున్న పిల్లలు, విడాకులైన ఇంటి పిల్లలు దరఖాస్తు పెట్టొచ్చు. 2023ల దాన్ని నెలకు 2,250 రూపాయలు చేసిన్రు. జిల్లా మహిళా బాల వికాస్ కార్యాలయంల ఇయ్యాలె. అంగన్‌వాడీ తాయిని అడిగితే కాయితాలు ఏమేం కావాలో చెప్తది.

బస్తీ చేయాల్సిన పని

పిల్లను పట్టుకొని 'మీ అమ్మ ఎటు పోయింది, మీ బాపు ఇంకో పెండ్లి చేసుకున్నడట కదా' అని అడగొద్దు. అది అమ్మమ్మలం, పెద్దవ్వలం మనమే ఎక్కువ చేస్తం. పిల్ల దారిల కనబడితే 'తిన్నవా బిడ్డా, బడికి పోయినవా' అని ఎప్పటి తీరుగనే అడగాలె.

నాయినమ్మ, తాత, మేనత్తల నుంచి పిల్లలను తెంపొద్దు. ఆలుమగల కొట్లాటల వాళ్ళు ఒక పక్షం పట్టి ఉండొచ్చు. పిల్లకు మాత్రం వాళ్ళు వాళ్ళే. మేనమామ వచ్చి సైకిల్ మీద బడికి దించినా, నాయినమ్మ గారెలు పంపినా ఆ పిల్లకు ఇంకా నా వాళ్ళు ఉన్నరన్న ధైర్యం వస్తది.

తండ్రి లేని ఇల్లు అని పదహారేండ్లకే ఆడపిల్లకు పెండ్లి కుదుర్చుడు ఇంకో దుర్మార్గం. 'బరువు దింపుకుందాం' అంటరు. ఆడపిల్లకు 18 నిండకుండ పెండ్లి చేస్తే 2006 చట్టం కింద నేరం. చెప్పినా వినకపోతే 1098కు చెప్పండి.

విడిపోయిన ఇంటిని కులంల నుంచి వెలివేసుడు, పండుగకు పిలువొద్దనుడు కూడా నేరమే. సామాజిక బహిష్కారం మీద మహారాష్ట్ర చట్టం 2016ల వచ్చి 2017 నుంచి అమల్ల ఉన్నది. శిక్ష మూడేండ్ల దాకా జైలు, లక్ష రూపాయల దాకా జుర్మానా.

పెద్దలకు మనవి

ఈసారి పంచాయతీ కూర్చున్నప్పుడు బంగారం లెక్క కన్నా ముందు ఈ ముక్కలు రాయండి. కాయితం సగం పేజీ కూడా పట్టదు.

1. పిల్లలు ఏ ఇంట్ల ఉంటరు, ఏ బడికి పోతరు. ఈ ఏడు బడి మారదు.

2. తండ్రి (లేకుంటే తల్లి) ఏ రోజు, ఎన్ని గంటలకు వచ్చి తీసుకపోతరు, ఎన్ని గంటలకు దింపుతరు. పాళీ మారితే ఎట్ల.

3. ఫోన్ ఏ యాళ్ళకు.

4. పండుగలు, వేసవి సెలవులు ఎవరి దగ్గర ఎన్ని రోజులు.

5. నెలకు ఎంత ఖర్చు, ఏ తారీఖున, ఎవరి ఖాతాల. చేతికి ఇచ్చుడు వద్దు, బ్యాంకుల వేయాలె.

6. దవాఖాన ఖర్చు ఎవరిది. జ్వరమొస్తే అదే రోజు రెండోవాళ్ళకు కబురు.

7. ఆధార్, పుట్టిన సర్టిఫికెట్, మార్కుల కాయితాలు ఎవరి దగ్గర, జెరాక్స్ ఎవరి దగ్గర.

8. ఏడాది అయినంక మళ్ళీ కూర్చొని చూడాలె. పిల్లలు పెరుగుతరు, అవసరాలు మారుతయి.

ఇట్ల రాసుకున్న ముక్కలు కోర్టుకు పోయినప్పుడు కూడా పనికొస్తయి. ఇద్దరూ ఒప్పుకొని పెట్టిన షరతులల్ల పిల్లల మాట ఉన్నదా అని జడ్జి చూస్తడు. తర్వాత అవసరం పడితే మార్చుమని అడగొచ్చు కూడా.

రాసినంక పిల్లలను పక్కన కూర్చోబెట్టుకొని, వాళ్ళకు అర్థమయ్యే మాటలల్ల ఆ తారీఖులు చదివి వినిపించండి. మనవరాలు ఇప్పుడు 17 ఏండ్లది. ఈ నెల క్యాలెండర్ల సున్నలు ఎవ్వరూ చుట్టలేదు, అవసరం లేదు. బాపుకు తానే ఫోన్ చేసి 'ఏ పాళీ బాపూ?' అని అడిగి, తమ్ముణ్ణి వెంటబెట్టుకొని పోతది.